గోదావరి డెల్టాలో స్పానిష్ ఇల్లు: పునాది నుంచి పూలకుండీ దాకా

వీధి వైపు రెండు ఆర్చీలు, వాటి మీద నాలుగు వరసల ఎర్ర పెంకు, గోడకి తెల్ల రంగు. ఈ మూడూ ఉంటే చాలు, స్పానిష్ ఇల్లు అయిపోయిందనుకుంటారు చాలామంది. మూడు వానాకాలాలు గడిచేసరికి తెల్ల గోడ మీద నల్లటి పాచి చారలు దిగుతాయి, పెంకు కింద స్లాబు చెమరుస్తుంది, కిటికీ గ్రిల్లు పొలుసులుగా రాలుతుంది. తప్పు స్పెయిన్‌దీ కాదు, గోదావరిదీ కాదు. వాన తక్కువ పడే చోట పుట్టిన ఇంటిని కొలతలు మార్చకుండా వాన దంచే చోట నిలబెడితే జరిగేది ఇదే.

స్పెయిన్‌లో దక్షిణాదిన ఉన్న అండలూసియా ఈ ఇంటికి పుట్టిల్లు. సెవిల్, కోర్డోబా, గ్రనాడా ఊళ్ళలో ఇల్లంతా పాటియో అనే నడిమధ్య ఆరుబయలు చుట్టూ అల్లుకుని ఉంటుంది. కోర్డోబాలో మే నెలలో జరిగే పాటియోల పండుగను 2012లో యునెస్కో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. మనం పత్రికల్లో ఎక్కువగా చూసే ‘స్పానిష్ విల్లా’ మాత్రం నేరుగా అక్కడి నుంచి వచ్చింది కాదు. 1915లో శాన్ డియాగోలో జరిగిన ప్రదర్శనతో అమెరికాలో మోజు రేగింది. 1925 భూకంపం తర్వాత శాంటా బార్బరా ఊరు దాదాపు ఆ తీరులోనే మళ్ళీ కట్టుకుంది. విల్లా నమూనా అలా కాలిఫోర్నియా నుంచి వచ్చింది. మనకు పనికొచ్చేది అండలూసియా ఇల్లే, ఎందుకంటే దాని చుట్టం మన ఊళ్ళలోనే ఉంది: మండువా లోగిలి. మధ్య ఆరుబయలు, చుట్టూ వసారా, లోపలికి వాలిన పెంకు కప్పు, వీధి గుమ్మం దాటాక నడవ. సెవిల్ ఇంట్లో కూడా వీధి తలుపుకీ పాటియోకీ మధ్య నడవే ఉంటుంది, చివర ఇనప జాలీ తలుపుతో.

తేడా వాతావరణంలో ఉంది. సెవిల్‌లో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, అదీ చలికాలంలో. డెల్టాలో దానికి రెట్టింపు, అదీ జూన్ నుంచి నవంబరు దాకా, పైగా తుపాన్లతో. సెవిల్‌లో జూలై పగలు 36 డిగ్రీలుంటే రాత్రి 20కి దిగుతుంది. అందుకే అక్కడ రెండడుగుల గోడ రాత్రి చల్లబడి పగలంతా ఇంటిని చల్లగా ఉంచుతుంది. మనకు మే నెలలో పగలు 37, 38 ఉంటే రాత్రి 27, 28. గోడ చల్లబడేందుకు వ్యవధే లేదు. ఇక్కడ ఒంటికి హాయినిచ్చేది గాలి. కాబట్టి అక్కడి మందపు గోడలూ చిన్న కిటికీలూ ఉన్నవున్నట్టు దింపుకోకూడదు. పడమటి గోడ మాత్రం మందంగా, చిన్న కిటికీలతో కట్టండి. మండువా వైపు గోడలు వీలైనంత తెరిచి ఉంచండి. సాయంత్రం పైరగాలి దక్షిణం వైపు నుంచి వస్తుంది గనక ఆ వైపు కిటికీలకు ఎదురుగా మండువా తెరపి ఉండాలి.

మొదట మట్టాలు, తర్వాతే ప్లాను

డెల్టాలో ఇంటి మట్టం తేల్చకుండా గీసిన ప్లాను కాగితంతో సమానం. ముందుగా 1986 ఆగస్టు వరద నీరు స్థలం దగ్గర ఎంతవరకు వచ్చిందో ఊళ్ళో పెద్దవాళ్ళని అడిగి గుర్తు పెట్టుకోండి. ఏటిగట్టుకు లోపల లంకలో కట్టేవారికి ఆ గుర్తే కొలబద్ద. 2022 జూలై నీటి గుర్తులు ఇంకా గోడల మీద కనబడుతుంటే అవీ చూడండి. గట్టుకు బయట ఊళ్ళలో ప్రమాదం ఏటి నుంచి కాదు, రోడ్డు నుంచి. సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాని మీదే పోస్తారు, ఇల్లు పల్లమవుతుంది. ఇప్పటి రోడ్డు నడిమి మట్టాన్ని సున్నా అనుకుంటే మండువా నేల 2 అడుగులు, వసారా రెండున్నర అడుగులు, గదులు 2 అడుగుల 9 అంగుళాలు ఎత్తులో పెట్టుకోండి. మండువా నేల వసారా కంటే అర అడుగు పల్లమైతే సరిపోతుంది. అంతకంటే లోతు చేస్తే చీకట్లో కాలు తప్పి పడతారు. మెరక చేయడానికి బుసక పోస్తే అడుగు మందానికి ఒకసారి నీళ్ళు పెట్టి, దిమ్మిస చేసి, తర్వాతి పొర వేయాలి. ఒకేసారి నాలుగడుగులు పోసి వదిలేస్తే రెండో ఏడాది గచ్చు కుంగుతుంది.

300 గజాల స్థలం, అంటే 45 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు ఉంటే ఒంటి అంతస్తుకు 10 × 12 అడుగుల మండువా కుదురుతుంది. అంతకంటే తగ్గించకండి. చూరు 9 అడుగుల ఎత్తులో ఉన్నప్పుడు మండువా వెడల్పు కనీసం ఆ ఎత్తంతైనా లేకపోతే గాలి పైనుంచి దాటిపోతుంది, లోపలికి దిగదు. చుట్టూ వసారా 6 అడుగుల వెడల్పు. నాలుగు వైపులా చోటు లేకపోతే మూడు వైపులే వేసుకోండి, వసారాను నాలుగడుగులకు కుదించకండి. నాలుగడుగుల వసారాలో కుర్చీ వేస్తే దారి ఉండదు.

మండువా మీద పాలీకార్బొనేట్ రేకు కప్పించుకునేవాళ్ళు పెరిగారు. వాన పడదు నిజమే. వేడి గాలి పోయే దారీ ఉండదు, మండువా పోయి పొయ్యి మిగులుతుంది. దొంగలూ కోతులూ దిగకుండా 12 మిల్లీమీటర్ల చువ్వలతో జాలీ వేయించండి. ఎండకు సెవిల్‌లో చేసే పనే చేయండి: పాటియో పైన వేసవిలో కాన్వాసు తెర లాగి కట్టుకుంటారు, ఎండలు తగ్గాక తీసేస్తారు. జాలీ కింద రెండు తీగలు బిగించి, కడియాలతో తెర వేలాడదీస్తే అటూ ఇటూ జరపవచ్చు. మే ఆఖరుకి అది అటక ఎక్కాల్సిందే. గాలివానకు తెర పడవ చాపలా ఉబ్బి జాలీని పీకుతుంది.

మండువా నీళ్ళు ఎక్కడికి పోతాయి

ఈ లెక్క ఒక్కటి సరిగా చేసుకుంటే ఇల్లు సగం గట్టెక్కినట్టే. మండువా 120 చదరపు అడుగులు, లోపలికి వాలే కప్పు 600 అనుకుందాం. మొత్తం 720 చదరపు అడుగులు, అంటే 67 చదరపు మీటర్లు. గంటకు 100 మిల్లీమీటర్ల జోరు వానలో నిమిషానికి సుమారు 112 లీటర్ల నీరు మండువాలోకి దిగుతుంది. వందకు ఒకటి వాలుతో వేసిన 4 అంగుళాల పైపు ఒక్కటే దీన్ని తేలిగ్గా మోస్తుంది. అయినా రెండు పైపులు, రెండు వేర్వేరు మూలల్లో పెట్టండి. జోరు వానలో ఒక తూముకి ఆకు అడ్డం పడటం ఖాయం. తూము మీద బల్లపరుపు జాలీ కాకుండా గుమ్మటంలా లేచి ఉన్న జాలీ వేస్తే ఆకు చుట్టూ చేరినా పైనుంచి నీరు దిగుతుంది. మండువా నేలకి అడుగుకి పావు అంగుళం వాలు ఇవ్వండి.

అసలు చిక్కు బయటి చివర ఉంటుంది. మురుగు కాలవ నిండినప్పుడు నీరు పైపులోంచి వెనక్కి, మీ మండువాలోకే వస్తుంది. పైపు చివర కాలవ నిండు మట్టానికి పైన ఉండాలి. కుదరని చోట చివర ఒక గుంత కట్టి, నీరు వెనక్కి రాకుండా ఆపే వాల్వు అందులో పెట్టాలి. వాల్వును గోడలో పాతెయ్యకండి, ఏటా విప్పి కడగాలి. వాస్తు ప్రకారం నీరు ఈశాన్యానికి పోవాలనుకుంటే మట్టాలు వేసేటప్పుడే చెప్పాలి. గచ్చు అయ్యాక ‘ఇటు తిప్పండి’ అంటే మేస్త్రి వాలు చంపేస్తాడు.

పునాది, గోడ

డెల్టా నల్లమన్ను తడికి ఉబ్బి, ఎండకి నెర్రెలిస్తుంది. రాతి కట్టుడు పునాది మీద ఆర్చీలు వేస్తే మొదటి బీట ఆర్చీ శిఖరం దగ్గరే కనిపిస్తుంది. మట్టి పరీక్ష చేయించి, నల్లమన్నయితే అండర్ రీమ్డ్ పైల్స్, అంటే అడుగున బుడ్డలా ఉబ్బిన కాంక్రీటు కంబాలు భూమిలోకి వేయండి. ఒంటి అంతస్తుకు సాధారణంగా 10 అంగుళాల కాండం, 25 అంగుళాల బుడ్డ, కనీసం మూడున్నర మీటర్ల లోతు. పైల్స్ మీది బీము అడుగున 3 అంగుళాలు ఖాళీ వదలాలి, మట్టి ఉబ్బినా బీమును ఎత్తకుండా. చాలా పనుల్లో ఈ ఖాళీయే ఎగిరిపోతుంది. సముద్రం వైపు ఇసక నేలల్లో ఈ గొడవ లేదు, అక్కడ ఇంజనీరు వేరే పునాది చెబుతారు.

నీళ్ళ విషయంలో మొహమాటం వద్దు. తీరం దగ్గర బోరు నీళ్ళు ఉప్పన. చువ్వలు వేసే కాంక్రీటు కలిపే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకూడదు. పరీక్ష చేయించండి, మించితే కాలవ నీరు వాడండి. వేసవిలో కాలవలు కట్టేస్తారు, సరిగ్గా అప్పుడే పనులు ముమ్మరంగా ఉంటాయి. కాలవ కట్టేసే ముందే ట్యాంకో గుంతో నింపి పెట్టుకోవాలి.

పునాది బీము మీద రెండు పూతల తారు పూసి, అప్పుడు ఇటుక ఎత్తండి. ఇది వదిలేస్తే తేమ గోడ ఎక్కి, ఉప్పును పైకి తెచ్చి, పూతను పిండిలా రాలుస్తుంది. తొమ్మిది అంగుళాల గోడ చాలు. పడమటి గోడా వీధి గోడా మాత్రం పద్నాలుగు అంగుళాలు పెడితే కిటికీ లోతుగా కనబడుతుంది, స్పానిష్ గోడకున్న నిండుతనం అక్కడే వస్తుంది. డబ్బు చాలకపోతే తొమ్మిది అంగుళాల గోడలోనే కిటికీ చట్రాన్ని లోపలి అంచుకు జరపండి. బయట ఐదారు అంగుళాల నీడ పడుతుంది.

ఆర్చీ: మేస్త్రికి చెప్పవలసిన కొలతలు

వసారా ఆర్చీకి 5 అడుగుల తెరపి, అయిదున్నర అడుగుల దగ్గర ఆర్చీ మొదలు, అక్కడి నుంచి రెండున్నర అడుగుల లేపు. శిఖరం 8 అడుగుల దగ్గరికి వస్తుంది. స్తంభం పద్నాలుగు అంగుళాలకు తగ్గకూడదు. సన్నటి స్తంభాల మీద పెద్ద ఆర్చీలు పెళ్ళి మండపాన్ని తలపిస్తాయి.

ఇటుకను నిలువుగా, తొమ్మిది అంగుళాల ఒకే వరసగా పేర్చడం మన మేస్త్రులకు అలవాటు. ఇంత చిన్న ఆర్చీకి అది పనికిరాదు. ఇటుక మందం 3 అంగుళాలు, లోపలి సందు పావు అంగుళం అనుకుంటే బయటి సందు అంగుళం దాటిపోతుంది. ఆ లావు మాలు కుంచించుకుని పగులుతుంది. దానికి బదులు నాలుగున్నర అంగుళాల వరసలు రెండు, ఒకదాని మీద ఒకటి వేయించండి. బయటి సందు ముప్పావు అంగుళంలో ఆగుతుంది. లోపలి వరసకు లెక్కగా 29 ఇటుకలు పడతాయి. బేసి సంఖ్య గనక శిఖరాన ఒక ఇటుక నిలుస్తుంది. రెండు వైపుల నుంచీ ఒకేసారి ఎక్కుతూ రావాలి. ఒకవైపే కడితే సెంట్రింగు, అంటే ఆర్చీని కింద మోసే అచ్చు, పక్కకు జరుగుతుంది. మాలు సిమెంటు ఒకటి, సున్నం ఒకటి, ఇసక ఆరు. సెంట్రింగు 14 రోజులుంచండి, ఆ రోజులన్నీ తడి గోనెలు కప్పండి.

వరసగా ఉన్న ఆర్చీల్లో మధ్యవాటి తోపుడు ఒకదానితో ఒకటి సరిపోతుంది. చివరి ఆర్చీ తోపుడు మూల స్తంభం మీద పడి బయటికి నెడుతుంది. మూల స్తంభాన్ని రెండు అడుగులు చేయండి, లేదా ఆర్చీల పైన చుట్టూ తిరిగే ఆర్.సి.సి. బీముతో అన్నిటినీ కట్టేయండి. తుపాను ప్రాంతం కాబట్టి ఆ బీము ఎలాగూ కావాలి. చదరం తెరపి వదిలి, బీము కింద ప్లైవుడ్ వంచి ఆర్చీ ఆకారం దిద్దే పని కూడా ఉంది. చవక, తప్పూ కాదు, కానీ అక్కడ ఇటుకకూ కాంక్రీటుకూ అతుకు దగ్గర 8 అంగుళాల వెడల్పు కోడి జాలీ (సన్నటి తీగ వల) కొట్టకుండా పూత వేస్తే వెంట్రుకవాసి బీట తప్పదు.

కప్పు

స్పానిష్ గుండ్రపు పెంకు మనకు కొత్తది కాదు, గూన పెంకుకు అది అన్న. అక్కడ 14 నుంచి 18 డిగ్రీల వాలు చాలు. ఇక్కడ ఆ వాలు మీద గాలివాన నీటిని పెంకు కింద పైకి తోస్తుంది. 22 నుంచి 25 డిగ్రీలు పెట్టండి, పెంకు మీద పెంకు 3 అంగుళాలు తగ్గకుండా ఎక్కాలి.

గదుల మీద అయిదు అంగుళాల వాలు స్లాబు వేసి, నీరు దిగని పూత వేసి, దానిపై జి.ఐ. రీపర్లు (జింకు పూత ఇనప పట్టీలు) బిగించి పెంకు పరచడం నమ్మకమైన పద్ధతి. పెంకును నేరుగా సిమెంటుతో స్లాబుకి అంటించే పద్ధతి చూడ్డానికి ఒకటే. ఎండకు స్లాబూ పెంకూ వేర్వేరుగా సాగుతాయి, రెండేళ్ళకు పెంకులు బోలుగా మోగుతాయి, పగిలిన ఒక్క పెంకు తీయాలంటే నాలుగు పగులుతాయి. రీపర్ల మీద ఉన్నప్పుడు కింద గాలి ఆడి గది వేడి కూడా తగ్గుతుంది. వాలు వెంట నిలువు రీపర్లు, వాటి మీద అడ్డ రీపర్లు వేయాలి. అడ్డ రీపర్లు ఒక్కటే వేస్తే దిగిన నీరు వాటి వెనక నిలుస్తుంది.

కోనసీమలో 1996 నవంబరు 6 తుపానును చూసినవారికి గాలి గురించి చెప్పనక్కర్లేదు. భారత ప్రమాణం ఐ.ఎస్. 875 ప్రకారం ఈ తీరానికి లెక్క కట్టే గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, గంటకు 180 కిలోమీటర్లు. గాలి కప్పును నొక్కదు, లేపుతుంది. చూరు దగ్గర మూడు వరసలు, వెన్ను, మూలలు, అంచులు, వీటిలో ప్రతి పెంకుకూ స్టీలు స్క్రూ పడాలి. మధ్యలో ఒకటి విడిచి ఒకటి. వసారా కప్పును గదుల కప్పుతో కలపకుండా విడిగా కట్టండి, గాలికి లేస్తే అదొక్కటే లేస్తుంది. అండలూసియా ఇళ్ళకు చూరు దాదాపు ఉండదు, మనకు కనీసం అడుగున్నర కావాలి, రెండున్నర దాటితే గాలి పట్టుకుంటుంది. చూరు చివర గుండ్రపు కన్నాలు మాలుతో మూసి, ఒక్కోదానికి వేలంత రంధ్రం వదలండి. మూయకపోతే ఉడతలు, ఎలకలు, వాటి వెనక పాములు.

లోపలికి వాలే రెండు కప్పులు కలిసే మూలలో రేకు దోనె అడుగు వెడల్పు ఉండాలి. ఎక్కువగా కారేది అక్కడే. కొబ్బరి చెట్టు కింద మట్టి పెంకు నిలవదు. ఇంటి వైపు వంగిన చెట్లు ఉంటే ఇంటి స్థానాన్నైనా మార్చండి, చెట్టు సంగతైనా తేల్చుకోండి. పెంకు కొనేటప్పుడు వేలితో కొడితే ఖంగుమనాలి. బోర్లా కాకుండా వెల్లకిలా పెట్టి నీళ్ళు పోసి ఒక రోజు ఉంచితే అడుగున బొట్టు కనబడకూడదు.

వెల్ల

స్పానిష్ తెలుపు అంటే సున్నం తెలుపు. యాక్రిలిక్ రంగులో ఆ మెత్తదనం రాదు, తేమ గోడలోంచి బయటికి పోనీయదు కూడా. లోపలా బయటా 12 మిల్లీమీటర్ల పూత పైన చెప్పిన 1:1:6 మాలుతోనే వేసి, తాపీతో చేతివాటంగా సరిచేయించండి, అద్దంలా వద్దు. ముళ్ళలా లేచే టెక్స్చరు అసలు వద్దు, ప్రతి గుంటలో దుమ్మూ తడీ చేరి పాచి పడుతుంది. పైన సున్నం: తడిపి పదిహేను రోజులు నానిన సున్నాన్ని బట్టలో వడకట్టి, పాలంత పలచగా చేయాలి. గోడ తడిపి, రోజుకో పూత చొప్పున నాలుగు పూతలు. ఒకే చిక్కటి పూత వేస్తే పెచ్చులూడుతుంది. కింద వాల్ పుట్టీ ఉంటే సున్నం పట్టదు, ఈ తప్పు పెయింటర్లు అడక్కుండానే చేస్తారు. ఎండ నేరుగా కొట్టే గోడకు పొద్దున పని వద్దు. సంక్రాంతి ముందు నెల ఇందుకు అనువైన కాలం, ఊరంతా వెల్ల వేసేదీ అప్పుడే.

కిటికీల చుట్టూ, గోడ అడుగున రంగు పట్టీ కావాలంటే సెవిల్‌లో కనిపించే మట్టి పసుపు బాగుంటుంది. ఐరన్ ఆక్సైడు పొడులు సున్నంలో నిలుస్తాయి, సున్నం బరువులో పదో వంతు దాటితే చేతికి అంటుతుంది.

నేల, పలకలు, చెక్క, ఇనుము

రంగుల పూతపలకలు (గ్లేజ్డ్ టైల్స్) ఇల్లంతా వేస్తే హోటలవుతుంది. మెట్ల నిలువు ముఖాలు, వసారా గోడకు నాలుగడుగుల ఎత్తు, తులసికోట చుట్టూ, అంతే. మెట్టు ఎత్తు ఆరున్నర అంగుళాలు పెట్టుకుంటే 6 అంగుళాల పలక కోయకుండా కూర్చుంటుంది. ఏడు పెడితే ప్రతి మెట్టుకీ పీలిక అతకాలి. గుజరాత్‌లోని మోర్బీ నుంచి వచ్చే ముద్ర పలకలు చాలు, రెండు నమూనాలకు మించకండి. గోడ కింద తేమ ఆపకుండా నాలుగడుగుల పలక వేస్తే తడి దాని వెనక ఎక్కి, సరిగ్గా పలక పై అంచున ఉప్పు పూస్తుంది. మండువా నేలకు మెరుపు పలక వద్దు, గరుకు కడప బండ వేయండి. గదులకు ఎర్ర గచ్చు లేదా మట్టి పలక, వాటి అడుగున చప్టా కింద ప్లాస్టిక్ షీటు.

గ్రిల్లుకు బోలు గొట్టం వాడకండి, లోపలి నుంచి తింటుంది. 12 మిల్లీమీటర్ల చదరపు గట్టి చువ్వ, నాలుగు అంగుళాల ఎడం, వెల్డింగు అంతా అయ్యాక హాట్ డిప్ గాల్వనైజింగ్ (కరిగిన జింకులో ముంచడం), ఆపైన ఎపాక్సీ ప్రైమరు, నల్ల రంగు. తలుపులకు పాత మండువా ఇళ్ళు విప్పినచోట దొరికే టేకు చెక్క కొత్తదాని కంటే మేలు, అది ఆరి ఎన్నేళ్ళో అయి ఉంటుంది. స్పానిష్ తలుపు మీద ఇనప బొడిపెలుంటాయి, ఉప్పుగాలికి అవి చెక్క మీద తుప్పు కన్నీళ్ళు కారుస్తాయి. అజ్జరం ఇత్తడి పనివాళ్ళ చేత పోయించుకోండి.

అలంకరణ

ఖాళీ గోడను చూసి భయపడకండి, ఈ ఇంటి అందం అదే. ఒక ఉయ్యాల బల్ల, ఒక పెద్ద చెక్క బల్ల, గోడ గూటిలో రెండు ఇత్తడి బిందెలు, కిటికీకి నరసాపురం లేసు తెర. దీపాలు 2700 కెల్విన్ పసుపు వెలుగువి. ఎద్దుల పోరు బొమ్మలు, మెక్సికో టోపీలు కొట్లోనే వదిలేయండి.

కోర్డోబా గోడల మీద వేలాడే జెరేనియం మన జూలైకి కుళ్ళిపోతుంది, లావెండరూ అంతే. కడియం నర్సరీల నుంచి బిళ్ళగన్నేరు, నూరువరహాలు, కనకాంబరం తెచ్చి అవే మట్టి కుండీల్లో పెట్టండి. సెవిల్ నారింజ స్థానంలో మండువా మూల ఒక దబ్బ మొక్క. కాగితం పూల తీగకు నీరెక్కువైతే ఆకే తప్ప పువ్వుండదు, తూము దగ్గర నాటకండి. కుండీ కడియాలు అల్యూమినియంవి అయితే గోడకు తుప్పు చార దిగదు. నీటి ఫౌంటెన్ పెడితే రోజూ ఆడించాలి, గప్పీ చేపలు వేయాలి, లేకపోతే దోమల పెంపకమే.

ఏటా మే నెలలో మూల దోనెలు ఊడ్చి, తూముల్లో ఒక బిందె నీళ్ళు గుమ్మరించి ఎంతసేపట్లో దిగుతుందో చూడండి. పెంకు కొన్నప్పుడే నూటికి అయిదు అదనంగా తెచ్చి పెరట్లో గోడవారన పేర్చి ఉంచండి. తుపాను మర్నాడు అదే కొలత పెంకు ఏ కొట్లోనూ దొరకదు.